కుర్చీ కిర్రుమన్న చోట

"మూడోసారి అడుగుతున్నానక్కా. నిజంగా నువ్వు వినలేదా?"

పొద్దున్నే ఒక చేతిసంచీతో వచ్చిన చెల్లెలు సోఫా అంచున కూర్చుని ఉంది. చెప్పులు విప్పలేదు. ఇచ్చిన టీ ముట్టలేదు. టీ మీద మీగడ కట్టి, ముడతలు పడి, చూస్తేనే వెగటుగా ఉంది.

"వినలేదే," అంది కత్తెర. "వింటే ఉంచుతానా?"

"నువ్వే కదా కత్తిరించేది. నీ చేతిమీదుగా పోకుండా బావగారి దగ్గు కూడా రేడియోలో రాదని నువ్వే అంటావు కదా."

అంటుంది. నిజమే. ఆమెకు కత్తెర అన్న పేరు వచ్చిందే అందుకు. పన్నెండేళ్లుగా మొగుడి రేడియో కార్యక్రమాన్ని కోసి, అతికించి, నున్నగా చేసి పంపేది ఆమే. రేడియో వాళ్లు సరదాగా పెట్టిన పేరు ఇంట్లోకి వచ్చి స్థిరపడిపోయింది.

కార్యక్రమం పేరు 'కూర్చుని మాట్లాడుకుందాం'. ప్రతి శనివారం పొద్దున్న తొమ్మిదింటికి. మొదటి సగం ఇళ్ల సంగతులు: అలిగే భర్తలు, సాధించే అత్తలు, మాటలు మానుకున్న అన్నదమ్ములు. రెండో సగం లోకం సంగతులు: ఎక్కడ యుద్ధం ఆగింది, ఎక్కడ మొదలైంది, ఏ దేశం ఏ దేశాన్ని తిట్టింది. తన గొంతు విని ఊళ్లో సగం కాపురాలు చక్కబడ్డాయని ఆయన నమ్మకం. ఆ సగంలో తమ కాపురం లేదని కత్తెర నమ్మకం.

నిన్న ఆయన 'ఒక సోదరి రాసిన ఉత్తరం' చదివాడు. ఆ ఉత్తరం ఏ సోదరీ రాయలేదు. భార్య మీద అలిగి, రోజుల తరబడి ఆమెతో మాట మానేసి, ఏం కావాలన్నా గాజుతొట్టిలో చేపలకు చెప్పే మొగుడి కథ అది. చేపలూ, ఆవిడకి చొక్కా ఇస్త్రీ చెయ్యమని చెప్పండి. చేపలూ, కూరలో ఉప్పెక్కువైందని ఆవిడకి చెప్పండి. చదువుతూ ఆయన చేపలకు విడిగా ఒక కీచుగొంతు కూడా పెట్టాడు. ఆ సోదరికి దూరపు ఊళ్లో, ఆసుపత్రిలో రక్తపరీక్షల ఉద్యోగం వచ్చిందనీ, సోమవారం చేరాలనీ, ఆర్డరూ సర్టిఫికెట్లూ మొగుడికి తెలియకుండా కుట్టుమిషను పెట్టెలో దాచుకుందనీ కూడా చదివాడు.

చేపల ద్వారా కాపురం చేసే మగవాళ్లు ఊళ్లో వీధికొకరు ఉండరు కదా. చెల్లెలి మొగుడు లెక్కల మాస్టారు నిన్న సెలవు కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు, రేడియో విన్నాడు. కార్యక్రమంలో రెండో సగం మొదలయ్యేలోగా కుట్టుమిషను పెట్టె ఖాళీ అయింది.

రేపే సోమవారం. బస్సు ఇవాళ సాయంత్రం నాలుగింటికి. అసలు సర్టిఫికెట్లు లేకుండా ఆసుపత్రి వాళ్లు గేటు దాటనివ్వరు.

"నేను చెప్పింది నీ ఒక్కదానికే," అంది చెల్లెలు.

కత్తెర కూడా చెప్పింది ఒక్కరికే. గిన్నెలు కడుగుతుంటే మొగుడు పక్కన నిలబడి ఒక్కొక్కటే తుడుస్తూ, "ఏంటలా ఉన్నావు?" అని రేడియో గొంతుతో అడిగాడు. ఆ గొంతుకు ఊళ్లో వాళ్లు కరుగుతారంటే అర్థముంది, పన్నెండేళ్లు దాన్ని ముక్కలు ముక్కలుగా కోసిన మనిషి కూడా కరిగింది. ఎవరికీ చెప్పకండి అంది. ఆయన తలూపాడు. తల ఊపితే చప్పుడు కాదు, అందుకని ఆయన దాన్ని మాట ఇచ్చినట్టు లెక్క వేసుకోలేదు.

ఆయన గడ్డం గీసుకుని, సెంటు రాసుకుని, ముందుగదిలోకి వచ్చాడు.

"అంతా సర్దేశానమ్మా," అన్నాడు మరదలితో. "మాస్టారితో అరగంట మాట్లాడాను. పదకొండింటికి వస్తున్నాడు."

"నా కాగితాలు తెస్తున్నాడా?"

"తెస్తాడు. సంచీలో పెట్టుకునే వస్తాడు. ముందు మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. అయిపోయాక నీ చేతికిస్తాడు."

"ఆయన నాతో మాట్లాడరు బావగారూ."

"మైకు ముందు మాట్లాడతానన్నాడు."

కత్తెరకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు.

"మైకు ఎందుకండీ?" అంది.

"ఎందుకేంటి? నిన్నటి నుంచి ఫోన్లే ఫోన్లు. ఆ చేపల సోదరి ఏమైంది, వెళ్లిందా, ఉండిపోయిందా అని. పన్నెండేళ్లలో ఇన్ని ఫోన్లు ఎప్పుడూ రాలేదు." ఆయన మరదలి వైపు వంగాడు. గొంతు మెత్తబడింది. "చూడమ్మా. ఆ రెండు దేశాలూ నలభై రోజులు ఒకరిమీద ఒకరు బాంబులు వేసుకున్నాయి. ఊళ్లకు ఊళ్లు పోయాయి. ఇవాళ ఒక బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. ఆఫ్టరాల్ మీరు ఇద్దరు మనుషులు. మీ మధ్య ఏముంది? నాలుగు చేపలు."

చెల్లెలు నేల వైపు చూసింది. ఆయన చెవి తమ్మె కింద సబ్బు నురగ కొంచెం మిగిలిపోయి ఉంది. మామూలుగా అయితే కత్తెర కొంగుతో తుడిచేది. ఇవాళ తుడవలేదు.

"ఒకసారి వంటింట్లోకి రండి," అంది.

వంటింట్లో ఆయన గ్లాసెడు నీళ్లు పట్టుకుని నింపాదిగా తాగాడు. రికార్డింగు ముందు గొంతు తడుపుకోవడం ఆయనకు అలవాటు.

"సిగ్గుగా లేదా మీకు?"

"నేనేం చేశాను? పేరు చెప్పానా? ఊరు చెప్పానా?"

"చేపలని చెప్పారు. కుట్టుమిషనని చెప్పారు. ఇంకేం మిగిలింది? దాని రేషన్ కార్డు నంబరా?"

ఆయన గ్లాసు దించాడు. నుదురు చిట్లించాడు.

"చేపలన్నానా? నేను చిలుక అన్నట్టు గుర్తే."

"రేడియోలో అందరూ విన్నారు. కీచుగొంతు కూడా పెట్టారు."

"అది చిలుకకి పెట్టిన గొంతే. చేపలు మాట్లాడతాయా ఎక్కడైనా?" అన్నాడు, ఏదో పాయింటు దొరికినట్టు. తర్వాత భుజాలెగరేశాడు. "ఏమో. నోరు జారిందేమో. ఎన్నని గుర్తుంటాయి. నీకు అనుమానముంటే టేపు పెట్టుకుని విను. నువ్వు ఏ ముక్కా పారెయ్యవుగా."

అబద్ధం ఆడేటప్పుడు కూడా ఇంత తీరిగ్గా ఉండే మనిషిని ఆమె ఇంకొకరిని చూడలేదు. నిన్నటి కార్యక్రమం రెండో సగంలో ఈయనే, ఒక ప్రభుత్వం పొరుగు దేశం వాళ్ల ఫోన్లు దొంగచాటుగా విన్నదని మండిపడ్డాడు. ఒకరి గదిలో మాట ఇంకొకరు బజారున పెట్టడం కన్నా నీచం లేదన్నాడు. ఆ మాట అనేటప్పుడు గొంతు కొంచెం వణికింది కూడా. అప్పుడు ఆమె కూర తరుగుతూ వింది. చేతిలో పని ఉంటే తప్ప మొగుడి మాటలు వినడం ఆమె వల్ల కాదు, ఉన్నా సగమే వింటుంది.

గంట మోగింది.

లెక్కల మాస్టారు చెప్పులు జతగా, గోడకు సమానంగా విప్పి లోపలికి వచ్చాడు. జేబురుమాలు తీసి సోఫా మీద పరిచి దానిమీద కూర్చున్నాడు. గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. చొక్కా మడత నలగలేదు. ఆయన ఎప్పుడూ చెయ్యెత్తడు, గొంతెత్తడు. అందుకని బంధువుల్లో ఆయనకు దేవుడులాంటి మనిషని పేరు. భార్య మొహం వైపు చూడకుండా పదకొండు రోజులు గడపడం ఎంత కష్టమో దేవుడికే తెలియాలి.

ఆయన ఒళ్లో ఒక తోలు సంచీ ఉంది. చెల్లెలి చూపు దానిమీదే ఉంది.

"అన్నయ్యగారూ," అన్నాడు మాస్టారు. "ఆవిణ్ణి కొంచెం ఫ్యాను తగ్గించమనండి."

ఆవిడ రెండు మూరల దూరంలో కూర్చుని ఉంది. స్విచ్చు ఆమె తలకు పైన గోడకే ఉంది.

"అమ్మాయ్, ఫ్యాను తగ్గించమంటున్నాడు," అన్నాడు బావగారు.

ఈ ఇంట్లో గాజుతొట్టి లేదు. చేపల పని ఈయన చేశాడు, అదీ చాలా మామూలుగా. కత్తెరకు ఒళ్లంతా గొంగళిపురుగు పాకినట్టయింది. చెల్లెలు లేచి ఫ్యాను తగ్గించి మళ్లీ కూర్చుంది.

"కాగితాలు ఇచ్చేయండి మరిదిగారూ," అంది కత్తెర. "అవి దానివి."

"ఎవరు కాదన్నారు వదినా? ఆవిడ ఇంట్లోంచి ఎందుకు వెళుతున్నదో నలుగురి ముందూ చెప్పమనండి. నా తప్పేంటో చెప్పమనండి. ఊరంతా నన్ను చూసి నవ్వుతున్నారు. పొద్దున పాలవాడు నన్ను చేపల గురించి అడిగాడు. నా తప్పు లేదని ఊరు వినాలి. విన్నాక ఇస్తాను."

"తప్పు లేకపోతే పదకొండు రోజులు మాట్లాడకుండా ఎందుకున్నారు?"

"కోపం వస్తే కొందరు కొడతారు. నేను మాట్లాడను. అంతే కదా," అన్నాడు మాస్టారు. తనకు తాను ఎంత నచ్చాడో ఆ మాటలోనే తెలిసింది.

"అద్భుతం," అన్నాడు బావగారు. "ఇదే మాట లోపల అను. సరిగ్గా ఇలాగే అను. ఇప్పుడే ఖర్చు పెట్టెయ్యకు."

కత్తెర అక్కడ నిలబడలేకపోయింది. మొగుణ్ణి కనీసం ఒక్క అబద్ధంలో, ఇద్దరి ముందూ పట్టుకుంటే తప్ప ఊపిరాడదనిపించింది. చిలుక అన్నాడట, చిలుక. విసవిసా వెనకగదిలోకి వెళ్లింది.

వెనకగది రికార్డింగు గది. బయటి చప్పుడు లోపలికీ, లోపలి చప్పుడు బయటికీ పోకుండా గోడలకూ తలుపుకూ పాత పరుపులు కొట్టించింది ఆమే. ఒక బల్ల, రెండు కుర్చీలు, మైకు, మూల ఆమె కంప్యూటరు. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని, క్రితం మంగళవారం రికార్డు చేసిన అసలు టేపు తెరిచింది. రేడియోకి పంపింది కాదు, దానికి ముందుది, కోయనిది.

ఆమెకు పని నేర్పిన ముసలి ఇంజనీరు ఒక కిటుకు చెప్పాడు. మాటలు వినకు, మాటల వెంట మనసు పోతుంది, చెయ్యి ఆగుతుంది, చప్పుడు మాత్రం విను అని. మొదట్లో అది కష్టంగా ఉండేది. తర్వాత మొగుడి పుణ్యమా అని తేలికైపోయింది. మూడో ఏటికో నాలుగో ఏటికో ఆమె ఆయన మాటల్ని వినడం పూర్తిగా మానేసింది. తెర మీద గీతలు చూస్తుంది. ఎక్కడ దగ్గు, ఎక్కడ గుటక, ఎక్కడ బయట లారీ హారను, అక్కడ కోస్తుంది. ఏ వాక్యం రెండుసార్లు చెప్పాడో దాంట్లో నున్నగా ఉన్నదాన్ని ఉంచుతుంది. అర్థాలతో ఆమెకు పని లేదు. అర్థాలు వింటూ ఆ పని చేయాలంటే వాంతి చేసుకోవాలి.

ఇవాళ వింది.

ఆయన గొంతు చేపల కథ చెప్పింది. ఇస్త్రీ చొక్కా, కూరలో ఉప్పు, కీచుగొంతు, కుట్టుమిషను పెట్టె. అన్నీ ఉన్నాయి. అబద్ధాలకోరు అనుకుంది కత్తెర. చెయ్యి ఆపబోయింది.

టేపులో ఆయన ఆగాడు. కుర్చీలో వెనక్కి జరిగినట్టున్నాడు.

"కత్తెరా, ఈ ముక్క మొత్తం తీసెయ్," అన్నాడు టేపులో. ఇంట్లో మాట్లాడే గొంతు అది, రేడియోది కాదు. "చేపలంటే మాస్టారు గుర్తుపడతాడు. పాపం అమ్మాయికి ఇబ్బంది. చిలుక పెట్టి మళ్లీ చెప్తాను. దాచిన చోటు కూడా వద్దు."

మళ్లీ చెప్పాడు. చిలుకా, ఈ ఆవిడకి చొక్కా ఇస్త్రీ చెయ్యమని చెప్పు. అదే కీచుగొంతు. కాగితాలు ఎక్కడో భద్రంగా దాచుకుంది, అంతే. కుట్టుమిషను ఊసు లేదు. ఆ రెండోసారి చెప్పిన దాంట్లో, సరిగ్గా చిలుక అన్న చోట, ఆయన కూర్చున్న కుర్చీ కిర్రుమంది.

తెర మీద ఆ కిర్రు సూదిలా పైకి లేచి ఉంది. బుధవారం మధ్యాహ్నం ఆమె చూసింది ఆ సూదినే. కుర్చీ కిర్రుమన్న ముక్కను కోసి పారేసింది, కిర్రుమననిదాన్ని ఉంచింది. మధ్యలో ఆయన తనతో అన్న మాటల్ని కూడా మాటలుగా కాక, కార్యక్రమానికి పనికిరాని చప్పుడుగా కోసేసింది. ఆ మూడు నిమిషాల పనికి ఆ రోజు తనను తాను మెచ్చుకున్నట్టు కూడా గుర్తొచ్చింది. అతుకు అస్సలు తెలియలేదు.

మొగుడు మరదలి గుట్టు అమ్ముకున్నాడు. అందులో సందేహం లేదు. కానీ మాస్టారి చేతికి దాన్ని అడ్రసుతో సహా అందించింది తను.

పొద్దుటి నుంచి ఆయన మీద ఉన్న రోత అంతా ఒక్కసారి తిరిగొచ్చి మీద పడింది. అరచేతులు చీరకు తుడుచుకుంది. ఇంకా జిగటగానే అనిపించాయి.

ఈ టేపు సంగతి ఎవరికీ తెలియదు. ఆయనకు కూడా సరిగా గుర్తు లేదు. ఒక్క మీట నొక్కితే పోతుంది. అబద్ధమాడింది ఆయనేనని ముందుగదిలోకి వెళ్లి చెబితే చాలు, చెల్లెలు నమ్ముతుంది, ఆయన కూడా నమ్మినా నమ్ముతాడు. ఆమె వేలు మీట మీదికి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది.

"దొరికిందా?"

తలుపు దగ్గర చెల్లెలు నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. పరుపుల గది కదా.

"బావగారు అబద్ధమాడారు కదూ," అంది చెల్లెలు. అడిగినట్టు లేదు, అవునని చెప్పక్కా అని బతిమాలినట్టు ఉంది. మొగుడు పోయినా, బావ పోయినా, అక్క ఒక్కతె మిగిలితే చాలన్నట్టు ఉంది.

కత్తెర వేలు వెనక్కి తీసుకుంది. హెడ్‌ఫోన్లు తీసి చెల్లెలి చేతికిచ్చింది. టేపును వెనక్కి జరిపి పెట్టింది.

చెల్లెలు నిలబడే వింది. మొహంలో ఏమీ మారలేదు. అయిపోయాక, "ఇంకోసారి," అంది. ఇంకోసారి వింది. ఈసారి కుర్చీ కిర్రుమన్న చోట కళ్లు మూసుకుంది.

"బావగారు తీసెయ్యమన్నారు," అంది.

"ఊఁ."

"నీతోనే చెప్పారు. నిన్ను పిలిచి మరీ చెప్పారు."

"నేను మాటలు విననే. ఆయన మాటలు వినడం మానేసి ఎన్నేళ్లో అయింది. చప్పుడు మాత్రమే..."

"అందులో ఉన్నది నా మాటలక్కా," అంది చెల్లెలు. "ఆయనవి కాదు."

చెల్లెలు హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టింది, చాలా జాగ్రత్తగా, చప్పుడు కాకుండా. వెనక్కి తిరిగి ముందుగదిలోకి నడిచింది. కత్తెర వెనకే వెళ్లింది.

ముందుగదిలో తోడల్లుళ్లిద్దరూ యుద్ధం ఆగిన సంగతి మాట్లాడుకుంటున్నారు. ముందు బాంబు వేసిన దేశమే క్షమాపణ చెప్పాలని మాస్టారు వాదిస్తున్నాడు. న్యాయం అంటే లెక్కలాంటిదట.

"మాట్లాడతాను బావగారూ," అంది చెల్లెలు.

ఆయన మొహం వెలిగిపోయింది. "నాకు తెలుసు. మంచిపిల్లవి."

"కాగితాలు ముందు బల్ల మీద పెట్టాలి. మైకు పక్కన. నాకు కనపడాలి."

మాస్టారు బావగారి వైపు చూశాడు. బావగారు తలూపాడు. మాస్టారు సంచీ విప్పి నీలం ఫైలు తీశాడు. దాన్ని వదల్లేదు, రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇంకోటి. మేం ఏం మాట్లాడితే అది మాట్లాడినట్టే రేడియోలో రావాలి. పెళ్లయిన రోజు నుంచి మొదలుపెడతాను. ఒక్క ముక్క కూడా తియ్యకూడదు."

ఫైలు పట్టుకున్న చేతులు కొంచెం కిందికి దిగాయి. మాస్టారు జేబురుమాలు సర్దుకున్నాడు. ఊరు వినాలని కోరింది తనే కాబట్టి కాదనడానికి దారి లేదు.

"తియ్యకుండా ఎలాగమ్మా?" అన్నాడు బావగారు నవ్వుతూ. "దగ్గులూ తుమ్ములూ ఉంటాయి. కత్తెర ఉన్నది అందుకే కదా."

కత్తెర చెల్లెలి భుజం మీద చెయ్యి వేయబోయింది. చెల్లెలు పక్కకు జరిగింది. అక్క మొహం వైపు చూడలేదు.

"బావగారూ," అంది చెల్లెలు. "ఆవిణ్ణి ఈ రికార్డింగును ముట్టుకోవద్దని చెప్పండి. మేం లోపల ఉన్నంతసేపూ ఆవిణ్ణి బయటే ఉండమనండి."

లెక్కల మాస్టారు తలెత్తి భార్య వైపు చూశాడు. పదకొండు రోజుల్లో అదే మొదటిసారి.

"విన్నావుగా," అన్నాడు మొగుడు కత్తెరతో.

విన్నది. ఈసారి ప్రతి మాటా విన్నది.

ముగ్గురూ వెనకగదిలోకి వెళ్లారు. ఫైలు బల్ల మీద పెట్టిన చప్పుడు, రెండు కుర్చీలు జరిపిన చప్పుడు, మొగుడు గొంతు సవరించుకున్న చప్పుడు. తలుపు వేసింది చెల్లెలే. కత్తెర దగ్గరికి వెళ్లి తలుపుకు చెవి ఆనించింది. తను కొట్టించిన పరుపు చెంపకు మెత్తగా తగిలింది. లోపల చెల్లెలు మాట్లాడటం మొదలుపెట్టే ఉంటుంది. ఒక్క ముక్క కూడా వినపడలేదు.